పది డాలర్లకు అమ్ముడైన ఏఎం స్టేషన్: అసలు సొంతదారు ఎవరు?

జవాబు మీరిచ్చిన వివరాల మీదే ఆధారపడుతుంది కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరుంటున్న అమెరికా పట్టణంలో 1400 కిలోహెర్ట్జ్ మీద వెయ్యి వాట్లతో నడిచే చిన్న ఏఎం (మీడియం వేవ్) రేడియో స్టేషన్ ఉంది. ఆదివారం ఒక గంట సమయాన్ని మీ తెలుగు సంఘం డబ్బు కట్టి తీసుకుని కార్యక్రమం చేస్తోంది. నిరుడు స్టేషన్ అమ్ముడైందన్నారు. దరఖాస్తులో ధర పది డాలర్లని ఉంది. కొన్నది అంతకు కొద్ది నెలల ముందే పుట్టిన ఒక ఎల్‌ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత కంపెనీ. ప్రభుత్వ అనుమతి రాకముందే కొత్తవాళ్ల కార్యక్రమాలు మొదలయ్యాయి. టవర్ ఉన్న స్థలం ఇంకెవరి పేరుతోనో ఉంది. ఇప్పుడు స్టేషన్ మళ్లీ పాత యజమాని చేతికే వస్తోందంటున్నారు. ఇది మోసమా, అసలు సొంతదారు ఎవరు, ముందుగా కట్టిన మా డబ్బు ఏమవుతుంది అన్నవి మీ ప్రశ్నలు.

చిన్న ఏఎం స్టేషన్ల ట్రాన్స్‌మిటర్లు చూసుకుంటూ, అమ్మకాలప్పుడు సాంకేతిక పత్రాలు తయారుచేస్తూ నేను చాలా ఏళ్లు గడిపాను. మీరు చెప్పినవాటిలో ఏ ఒక్కటీ దానంతటదే మోసానికి గుర్తు కాదు. పది డాలర్ల ధర మామూలే, కొత్త ఎల్‌ఎల్‌సీ మామూలే, నేల వేరొకరి పేరుతో ఉండటం మరీ మామూలు. ఇన్ని ఒకేచోట కలిసినప్పుడు మాత్రం ఒక్క విషయాన్ని గట్టిగా పట్టుకోవాలి: స్టేషన్ మీద రోజువారీ నిర్ణయాలు ఎవరివి? అక్కడికి చేరేలోపు మిగతా ముడులు ఒక్కొక్కటిగా విప్పుదాం.

స్టేషన్ అని ఒకే మాటతో పిలుస్తాం గానీ, అందులో కనీసం ఐదు ఆస్తులుంటాయి. ప్రసార లైసెన్సు, టవర్ నిలబడిన నేల, టవరూ యంత్రాలూ, ఏఎం కార్యక్రమాన్ని ఎఫ్ఎంలో వినిపించే ట్రాన్స్‌లేటర్, గంటల లెక్కన అమ్ముకునే ప్రసార సమయం. ఈ ఐదూ ఐదుగురి చేతుల్లో ఉండవచ్చు, చట్టం దాన్ని అడ్డుకోదు. మీడియం వేవ్ అంటే ఆకాశవాణి అనే అలవాటున్న మనకు ఇది కొత్తగా అనిపిస్తుంది. అక్కడ అన్నీ ప్రభుత్వానివే కాబట్టి ఎవరు ఎవరికి అమ్మారన్న ప్రశ్నే పుట్టదు.

లైసెన్సుతో మొదలుపెడదాం. అమెరికా 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టం ప్రకారం తరంగం ఎవరి సొంతమూ కాదు, లైసెన్సు దాన్ని కొంతకాలం వాడుకునే హక్కు మాత్రమే ఇస్తుంది. మన సుప్రీంకోర్టు కూడా 1995లో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ అమెరికా చట్టంలోని 310(డి) సెక్షన్ ప్రకారం, ఎఫ్‌సీసీ (ప్రసారాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ) ముందస్తు అనుమతి లేకుండా లైసెన్సు గానీ, లైసెన్సున్న కంపెనీ మీద పెత్తనం గానీ చేతులు మారకూడదు. ఏ అమ్మకమైనా ఒక దరఖాస్తుతో మొదలయ్యేది అందుకే. అది ఏ నంబరు ఫారమో చూస్తే సగం కథ తెలుస్తుంది. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు లైసెన్సు మారితే 314. సంస్థ అదే ఉండి, దాని వాటాలు చేతులు మారితే 315. అప్పుడు లైసెన్సు మీద పాత పేరే ఉంటుంది, వెనక మనుషులు మాత్రం మారిపోతారు. యజమాని మరణం, దివాలా, కోర్టు రిసీవరును (ఆస్తిని తన తరఫున చూసుకునే వ్యక్తిని) నియమించడం, లేదా ఒకే కుటుంబం తన కంపెనీలను సర్దుకోవడం లాంటివాటికి 316. మీ స్టేషన్ దరఖాస్తు ఏ రకమో మీరు రాయలేదు, మొదట అది చూడండి.

అనుమతి రావడం వేరు, అమ్మకం పూర్తికావడం వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎఫ్‌సీసీ ఇచ్చేది అమ్ముకోవచ్చన్న సమ్మతి. ఆ తరవాత మామూలుగా 90 రోజుల్లో రెండు పక్షాలూ డబ్బూ పత్రాలూ మార్చుకుని, అమ్మకం ముగిసిందని నోటీసు దాఖలు చేయాలి. గడువు పెంచమని అడగవచ్చు. కొనేవాడికి బ్యాంకు అప్పు పుట్టకపోతే, నేల కౌలు కుదరకపోతే అక్కడితో ఆగిపోతుంది. పత్రికలో అనుమతి వార్త వస్తుంది, ఆగిపోయిన వార్త రాదు. స్టేషన్ పాత యజమానికి తిరిగి వస్తోందని మీరు విన్నదానికి అన్నింటికంటే సాదా కారణం, అది ఆయన చేయి దాటకపోయి ఉండటమే. ముగింపు నోటీసు ఉందో లేదో చూడకుండా మిగతాదేదీ ఊహించవద్దు.

పది డాలర్ల సంగతి. ఒప్పందం చెల్లాలంటే ఎంతో కొంత ప్రతిఫలం ఉండాలి కాబట్టి ‘పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం’ అని రాయడం అమెరికా న్యాయవాదులకు పాత అలవాటు. ఆ రెండో భాగంలోనే అసలు విషయం ఉంటుంది. పాత అప్పులు కొనుగోలుదారు నెత్తిన వేసుకోవడం, బాకీపడ్డ అద్దెలు తీర్చడం, నేలను వేరే పత్రం మీద వేరే ధరకు అమ్మడం, ఇలా ఏదైనా కావచ్చు. స్టేషన్‌ను ధార్మిక సంస్థకు విరాళంగా ఇచ్చి పన్ను మినహాయింపు పొందేవాళ్లూ ఉన్నారు. అమ్మకం ఒప్పందాన్ని దరఖాస్తుతో జతచేయాలి కాబట్టి అది మీకు దొరుకుతుంది. అందులో ‘అమ్మకం నుంచి మినహాయించిన ఆస్తులు’ అన్న భాగాన్ని రెండుసార్లు చదవండి. నా అనుభవంలో ధర చెప్పే పేజీ కంటే ఈ పేజీయే ఎక్కువ నిజం చెబుతుంది.

ధర అంతలా ఎందుకు పడిపోయిందంటే, వెయ్యి వాట్ల ఏఎం స్టేషన్‌కు వినేవాళ్లున్నా లేకపోయినా ఖర్చు ఒకటే. కరెంటు, టవర్ దీపాలు, సంగీత హక్కుల సంఘాలకు రుసుము, ఎఫ్‌సీసీకి ఏటా కట్టే రుసుము, పిడుగు పడితే మరమ్మతు. ఇళ్లలో ఎల్ఈడీ దీపాలు, చార్జర్లు పుట్టించే రొద ఏఎంను వినపడకుండా చేస్తోంది. విద్యుత్ కార్లు చేసే కొన్ని కంపెనీలు ఏఎం రేడియోనే తీసేశాయి. దేశంలో సుమారు 4,400 ఏఎం స్టేషన్లున్నాయి, ఏటా కొన్ని లైసెన్సు వెనక్కి ఇచ్చేస్తున్నాయి. పల్లెటూరి స్టేషన్ కొన్ని పదుల వేల డాలర్లకు చేతులు మారడం ఇప్పుడు వింత కాదు.

అయితే ఆ స్టేషన్ కింద ఉన్న నేల విలువ వేరు. ఏఎంలో టవర్ మీద యాంటెనా ఉండదు, టవరే యాంటెనా. దాని అడుగునుంచి నలువైపులా మామూలుగా 120 రాగి తీగలు భూమిలో పరచి ఉంటాయి, ఒక్కోటి తరంగదైర్ఘ్యంలో పావు వంతు పొడవు. 1400 కిలోహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 214 మీటర్లు, అంటే టవర్ చుట్టూ 53 మీటర్ల వ్యాసార్థంలో తీగలుంటాయి, దాని మీద ఇల్లు కట్టకూడదు. తక్కువ ఫ్రీక్వెన్సీలో నాలుగైదు టవర్లతో నడిచే పెద్ద స్టేషన్లకు ఎకరాలకు ఎకరాలు కావాలి. ఈ నేలలు కొన్న రోజుల్లో ఊరి బయట పొలాలు. ఇప్పుడు ఊరు వాటిని దాటి వెళ్లిపోయింది.

రెండు ఉదాహరణలు చెబుతాను. న్యూయార్క్‌లో 1560 కిలోహెర్ట్జ్ మీద డిస్నీ నడిపిన స్టేషన్‌ను ఫ్యామిలీ రేడియో అనే మత ప్రసార సంస్థ 1 కోటీ 29.5 లక్షల డాలర్లకు తీసుకుంది. ఆ కొనుగోలు 2015లో పూర్తయింది. క్వీన్స్‌లో గిడ్డంగుల మధ్య ఉన్న దాని ట్రాన్స్‌మిటర్ స్థలం తరవాత 5 కోట్ల 10 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2021 ఫిబ్రవరిలో డబ్ల్యూఎఫ్ఎంఈ అనే ఆ స్టేషన్ మూగబోయింది. 50 వేల వాట్లతో వినిపించిన ఆ గొంతు తరవాత న్యూజెర్సీ నుంచి చాలా తక్కువ శక్తితో మళ్లీ మొదలైంది. ఇంకోటి వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో డబ్ల్యూఎంఏఎల్ స్టేషన్ టవర్ల స్థలం, సుమారు 75 ఎకరాలు. ఇళ్లు కట్టే సంస్థకు 7 కోట్ల డాలర్లకు పైగా ధరకు వెళ్లింది. 2020 నవంబరులో ఆ టవర్లను పడగొట్టారు. నేల ధర తెలిసిన యజమాని ఏఎం కార్యక్రమాల మీద మనసు పెట్టి పనిచేస్తాడని నేను నమ్మను.

మీ దగ్గర జరిగింది కూడా ఈ దారిలోదే కావచ్చు. లైసెన్సు పది డాలర్లకు ఎల్‌ఎల్‌సీకి, నేల మాత్రం పాత యజమాని కుటుంబ కంపెనీకో ట్రస్టుకో. అప్పుడు కొత్త లైసెన్సుదారు తన టవర్ కింద తానే అద్దెకున్నట్టు. ఆ అద్దె ఒప్పందం ఎన్నేళ్లు, ఎన్ని నెలల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు అన్నదే స్టేషన్ ఆయుష్షు. ఏఎం స్టేషన్‌ను ఇంకోచోటికి తరలించడం మామూలు పని కాదు. కొత్త స్థలం, పురపాలక అనుమతి, ఇరుగుపొరుగు అభ్యంతరాలు, ఇతర స్టేషన్లకు అంతరాయం లేదని చూపే లెక్కలు అన్నీ కావాలి. ఈలోపు గడియారం తిరుగుతుంటుంది. ప్రసారం ఆగితే 10 రోజుల్లో ఎఫ్‌సీసీకి చెప్పాలి, 30 రోజులు దాటేట్టుంటే అనుమతి అడగాలి, వరసగా 12 నెలలు మౌనంగా ఉంటే 312(జి) సెక్షన్ కింద లైసెన్సు దానంతటదే చచ్చిపోతుంది. బతికించే అధికారం ఎఫ్‌సీసీకి ఉన్నా, దాన్ని అరుదుగా వాడుతుంది.

ట్రాన్స్‌లేటర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కొనుగోలుదారుల కన్ను దాని మీదే. 2009 నుంచి ఏఎం స్టేషన్లు తమ కార్యక్రమాన్ని 250 వాట్ల లోపు ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్ మీద వినిపించుకోవచ్చు. 2015లో ఏఎంను బతికించడానికి తీసుకున్న నిర్ణయంతో, 250 మైళ్ల దూరంలోని ట్రాన్స్‌లేటర్‌ను కూడా కొని తెచ్చుకునే వీలు కలిగింది. ఊళ్లో జనం వినేది ఎఫ్ఎం నంబరు, ఏఎం ఎక్కడో చప్పుడు చేస్తుంటే చాలు. కానీ ఆ చప్పుడు ఉండి తీరాలి. 2024 ఫిబ్రవరిలో అలబామాలోని జాస్పర్‌లో డబ్ల్యూజేఎల్ఎక్స్ అనే 1240 ఏఎం స్టేషన్ 200 అడుగుల టవర్‌ను ఎవరో ఎత్తుకుపోయారన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. కనీసం ఎఫ్ఎంలోనైనా కొనసాగనివ్వమని అడిగితే ఎఫ్‌సీసీ ఒప్పుకోలేదు. ఏఎం లేనప్పుడు ట్రాన్స్‌లేటర్ మోగకూడదు. కాబట్టి మీ స్టేషన్ ట్రాన్స్‌లేటర్ లైసెన్సు ఎవరి పేరుతో ఉందో విడిగా చూడండి. అది ఇంకొకరి పేరుతో ఉంటే, మీ శ్రోతల్లో ఎక్కువమంది వింటున్నది ఈ అమ్మకంలో లేనే లేదన్నమాట.

ఇక అనుమతికి ముందే కొత్తవాళ్లు కార్యక్రమాలు మొదలుపెట్టడం. దీన్ని ఎల్ఎంఏ అంటారు, ప్రసార సమయాన్ని టోకున కొనే ఒప్పందం. మనకు తెలిసిన కౌలు లాంటిదే: పట్టా ఒకరిది, సాగు మరొకరిది. ఇది చట్టబద్ధమే. కానీ పొలం కౌలుకిచ్చినవాడు ఇంట్లో కూర్చోవచ్చు, లైసెన్సుదారు అలా కూర్చోవడానికి వీల్లేదు. ఏమి ప్రసారం కావాలి, ఎవరిని పనిలో పెట్టాలి, డబ్బు ఎలా ఖర్చు కావాలి అన్న మూడింటి మీదా చివరిమాట ఆయనదే కావాలి. తగని కార్యక్రమాన్ని ఆపే హక్కు ఆయన దగ్గరే ఉండాలి. పెత్తనం ఎవరిదని తేల్చాల్సి వచ్చినప్పుడు ఎఫ్‌సీసీ చూసేవి ఈ మూడే. పేరు ఒకరిదై ఈ మూడూ ఇంకొకరివైతే, అది అనుమతిలేని బదిలీ. నేను మొదట చెప్పిన ఒక్క విషయం ఇదే. స్టూడియోకు తాళం వేసి ఉందని అనుమానపడకండి. ఊళ్లో ప్రధాన స్టూడియో ఉండాలన్న నియమాన్ని 2017లోనే రద్దుచేశారు.

ఈ కౌలు వెనక ఎవరున్నారన్నది పెద్ద విషయం కూడా కాగలదు. విదేశీయులకు లైసెన్సులో నేరుగా 20 శాతం, మాతృసంస్థ ద్వారా 25 శాతం అన్నది చట్టంలోని హద్దు. సమయం కొనుక్కోవడానికి అలాంటి హద్దు లేదు. వాషింగ్టన్ ప్రాంతంలో 1190 ఏఎం మీద వినిపిస్తున్నది చైనా ప్రభుత్వ రేడియో కార్యక్రమాలని, మధ్యలో ఒక అమెరికా కంపెనీ ఉందని 2015లో రాయిటర్స్ బయటపెట్టింది. 2020 జనవరిలో మిస్సోరీలోని లిబర్టీ అనే చిన్న ఊరి కేసీఎక్స్ఎల్, రష్యా ప్రభుత్వ రేడియో స్పుత్నిక్‌కు గంటలు అమ్మింది. డబ్బుకు ఇబ్బందిపడే స్టేషన్‌కు ఎవరి చెక్కైనా చెక్కే. విదేశీ ప్రభుత్వం కొన్న సమయమైతే ఆ మాట ప్రసారంలోనే చెప్పాలన్న నియమాన్ని 2021లో తెచ్చారు. మీ స్టేషన్‌లో అలాంటిదేదో జరుగుతోందని నేను అనడం లేదు. సమయం కొన్నవాడి పేరు అడగడం శ్రోతల హక్కు అని చెబుతున్నాను.

పాత యజమాని తిరిగిరావడానికి మరో కారణం, వాయిదాల మీద అమ్మడం. చిన్న స్టేషన్లకు బ్యాంకులు అప్పివ్వవు కాబట్టి అమ్మినవాడే ప్రామిసరీ నోటు రాయించుకుంటాడు. వాయిదా తప్పితే లైసెన్సు తనదే అని రాసుకోవడం మాత్రం కుదరదు. లైసెన్సును తాకట్టు పెట్టుకోవడాన్ని గానీ, తిరిగి తీసుకునే హక్కు దాచుకోవడాన్ని గానీ ఎఫ్‌సీసీ నియమాలు ఒప్పుకోవు. యంత్రాల మీద, కంపెనీ వాటాల మీద, లైసెన్సు అమ్మితే వచ్చే డబ్బు మీద హామీ తీసుకోవచ్చు. అంటే డబ్బు రాకపోయినా ఆయన నేరుగా తలుపు తీసుకుని లోపలికి వెళ్లిపోలేడు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ అనుమతి, లేదా కోర్టు నియమించే రిసీవరు. అమ్మకం ముగిసినట్టు నోటీసు ఉండి, తిరిగివచ్చినట్టు కొత్త దరఖాస్తు లేకుండానే పాతాయన పెత్తనం చేస్తుంటే మాత్రం అది తప్పు. మీరు అనుమానించాల్సిన చోటు అదొక్కటే.

వెతకడం ఇంట్లోనుంచే కుదురుతుంది. కాల్‌సైన్‌తో, అంటే స్టేషన్ అక్షరాల పేరుతో వెతకకండి, అది మారుతుంటుంది. ప్రతి స్టేషన్‌కూ ఎఫ్‌సీసీ ఇచ్చిన ఫెసిలిటీ ఐడీ నంబరు మాత్రం అమ్మినా, పేరు మార్చినా మారదు. ఆ నంబరుతో దరఖాస్తులు, ఒప్పందం, ముగింపు నోటీసు చూడండి. తరవాత ఆన్‌లైన్ పబ్లిక్ ఫైలులో యాజమాన్య నివేదిక తెరవండి. ఎల్‌ఎల్‌సీ నమోదైన రాష్ట్రం సభ్యుల పేర్లు బయటపెట్టకపోయినా, ఈ నివేదికలో అధికారులు, సభ్యులు, ఓటు హక్కుతో 5 శాతం అంతకుమించి వాటా ఉన్నవాళ్లు కనబడతారు. సమయం కొనే ఒప్పందాలు కూడా ఆ ఫైలులోనే ఉండాలి. నేల ఎవరిదో కౌంటీ భూముల రికార్డులో తెలుస్తుంది. టవర్ నమోదు రికార్డులో ఏమీ దొరక్కపోతే కంగారుపడవద్దు. 200 అడుగులు దాటినవాటికే సాధారణంగా నమోదు అవసరం, 1400 కిలోహెర్ట్జ్‌కు పావు తరంగదైర్ఘ్యపు టవర్ ఎత్తు 175 అడుగులే.

మీ సంఘం డబ్బు సంగతికి వద్దాం. మీరు సంతకం చేసింది లైసెన్సుదారుతోనా, సమయం టోకున కొన్న కంపెనీతోనా? రెండోదైతే ఆ కంపెనీ తప్పుకున్న రోజున లైసెన్సుదారుకు మీ గంటతో సంబంధం ఉండకపోవచ్చు. మొదటిదైనా, ఆస్తుల అమ్మకంలో కొనుగోలుదారు తాను స్వీకరిస్తానని జాబితాలో రాసిన ఒప్పందాలకే కట్టుబడతాడు. ఆ జాబితాలో మీ సంఘం పేరు ఉందా? లేకపోతే ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఇకనుంచి నెలనెలా కట్టండి, ఆరు నెలలది ఒకేసారి కట్టవద్దు. తిరిగి రావాల్సినదాన్ని తేదీలతో లెక్కగట్టి ఇద్దరికీ ఉత్తరం పంపండి. మొత్తం పెద్దదైతే స్థానిక న్యాయవాదికి చూపించాల్సిందే.

ఇంత శ్రద్ధ ఎందుకంటారా? అమెరికాలో మన భాషలు గాలిలోకి వచ్చింది ఇలాంటి స్టేషన్ల మీదే. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో 1170 కిలోహెర్ట్జ్ మీద దక్షిణాసియా కార్యక్రమాలు వచ్చింది ఏఎంలో. డిస్నీ 2014లో తన ఏఎం స్టేషన్లను అమ్మకానికి పెట్టాక ఓక్లాండ్ 1310 దక్షిణాసియా శ్రోతల స్టేషన్ అయింది. ఎఫ్ఎంలో గంట కొనే స్తోమత లేని సంఘాలకు ఏఎం చోటిచ్చింది. స్మార్ట్ ఫోను తెరవడం రాని పెద్దవాళ్లు ఆదివారం మీ గంట కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్ల కోసమైనా ఈ కాగితాలు చదవడం అవసరం.

పాతాయన పేరుతో కొత్త దరఖాస్తు వచ్చి ఉంటే, దాన్ని స్వీకరించినట్టు పబ్లిక్ నోటీసు వెలువడిన నాటినుంచి 30 రోజుల్లో పిటిషన్ వేయవచ్చు. ఆ గడువు దాటినా అనుమతి వచ్చేదాకా మామూలు ఉత్తరంతో అభ్యంతరం తెలపవచ్చు. దానికి న్యాయవాది అక్కర్లేదు. ఆరోపణలు చేయకుండా, ఏ తేదీనుంచి ఎవరి కార్యక్రమాలు వినిపిస్తున్నాయి, మీ చెక్కులు ఎవరి పేరుతో జమయ్యాయి అన్నవి మాత్రమే రాయండి. పెత్తనం ఎవరిదో తేల్చడానికి బ్యాంకు చెల్లించేసిన చెక్కు కంటే మంచి సాక్ష్యం తక్కువ. ముందు ఫారం నంబరు, ముగింపు నోటీసు తేదీ, మినహాయించిన ఆస్తుల పేజీ ఇక్కడ రాయండి. ఏది ఎవరిదో అప్పుడు ఇంకా స్పష్టంగా చెప్పగలను.